అమ్మ గొంతుకు దిగిన తీగ

జహీరాబాద్

ప్రవీణక్కకు,

భజన మండలి చెన్నబసప్ప మన అమ్మ చేతిలోని ఏకతారను నలుగురి ముందు గుంజుకున్నాడు. క్షేమసమాచారం కన్నా ముందు నీకీ సంగతి తెలియాలి. ఇక్కడ మేం క్షేమమే, నాన్న మోకాలి నొప్పి తగ్గింది. బీదర్‌లో మీరంతా బాగున్నారని తలుస్తాను. ఫోన్ చేస్తే అమ్మ పక్కనే కూర్చుని వింటుంది, అందుకే ఈ కాగితం.

అమ్మ సోమవారం భజనకు ఎందుకు పోతలేదని అడిగావు. భజన మండలి ఏకతార ఎప్పుడూ అధ్యక్షుడు చెన్నబసప్ప గొంతుకే శ్రుతి చేసి ఉంటుంది. ఇంకెవరూ మార్చకుండా, తీగ బిగించే బిరడకు ఆ మహానుభావుడు జిగురు పోయించాడు! ఆడవాళ్లు ఏళ్ల తరబడి గొంతు చించుకుని ఆ ఎత్తుకే పాడుతున్నారు. మొన్నామధ్య అమ్మ ఆ జిగురు గీకి, తీగను కాస్త వదులు చేసింది. అంతే.

"ఏం శరణమ్మా, పెద్దల పద్ధతే మారుస్తవా?"

"పద్ధతి కాదన్నా, తీగ. జర దించిన. గొంతు పోతున్నది."

"గొంతు లేకుంటే ఇంట్ల కూసో. పాడేటోళ్లు మస్తుమందున్నరు."

చుట్టూ ఉన్నవాళ్లు పళ్లికిలించారు. పొద్దున లేస్తే సమానత్వం గురించి పాడే నోళ్లవి! పాట అయిపోగానే జోలెలో తాళాలతోపాటు సమానత్వాన్నీ మూటగట్టేస్తారు.

నువ్వేం చేశావని కూడా అడుగుతావు. గొడవ పడలేదు. ఆ మనిషితో మాట్లాడటం నా నాలుకకే అవమానం. సాధనం ఎవరి చేతిలో ఉంటే పెత్తనం వాళ్లదని నేను చదివే కరపత్రాలు మొత్తుకుంటాయి కదా, సాధనమే తయారు చేద్దామనుకున్నాను. మొదట పచ్చి వేపచెక్క కోశాను, ఎండకు నిలువునా పగిలింది. తర్వాత విరిగిన మంచం పట్టెను ఏకతార కర్రగా చెక్కి, అడుగున పలుచని పలకలతో పెట్టె కొట్టి, తీగ బిగించాను. పక్కింటి రాకేశ్ గోడ మీంచి తొంగిచూసి, "ఎలుకల బోను చేస్తున్నవా రా మల్లేశ్?" అన్నాడు. అనుకోనీ.

ఇప్పుడు చెప్పేది నీ దగ్గరే ఉంచుకో. బిరడ ఊరికే జారుతుంటే, ఫోన్లో శ్రుతి చూసే యాప్ పెట్టి, ఆడగొంతుకు ఇదే సరైనదని నేనే తేల్చి, అక్కడ బిగించి జిగురు పోశాను. అవునక్కా, నేనే. అమ్మ మీటింది. ఒక చరణం పాడి ఆగింది.

"దించు బిడ్డా."

"దిగదమ్మా. గదే కరెక్ట్ శ్రుతి, యాప్ల చూసిన."

"యాప్ పాడుతదా మరి? మండలిల ఒక చెన్నబసప్ప ఉన్నడు, మనింట్ల నువ్వొకనివా?"

చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి పోయాను. చౌరస్తా చేరేసరికి చెన్నబసప్ప మీదున్న రోతంతా నా మీదికే తిరిగింది. తిరిగొచ్చి బిరడను పగలగొట్టి కొత్తది చెక్కాను. సుద్దపొడి రుద్దితే జారడం లేదు. ఈసారి నేను ముట్టుకోలేదు, అమ్మే తిప్పుకుంది. నేననుకున్నదానికన్నా చాలా కిందికి దించింది. అక్కా, ఇన్నాళ్లూ మనం విన్నది అమ్మ గొంతు కాదు. నాన్న చాయ్ తాగడం మరిచిపోయాడు.

వచ్చే సోమవారం, మండలి భజన వేళకే, మన అరుగు మీద అమ్మ పాడుతుంది. గల్లీలో ఆడవాళ్లందరికీ చెప్పాను. చెన్నబసప్పను పిలవలేదు. మండలి వెనక గల్లీలోనే కదా, చెవులుంటే వింటాడు. అమ్మ మాత్రం "ఎవరొస్తరు రా, నవ్వుతరు" అని ఇంకా జంకుతోంది. అరుగు ముందు ఖాళీ కనిపిస్తే లోపలికి పోయి తలుపేసుకుంటుంది, మళ్లీ పాడదు. అక్కడున్న మన త్రివేణి అత్తను, మీ గల్లీలో పాడే ఆడవాళ్లను బస్సెక్కించు. సోమవారం సాయంత్రం ఆరు గంటలకు అందరూ అరుగు ముందుండాలి.

ఇట్లు,
నీ కోపిష్టి తమ్ముడు
మల్లేశ్