తమ్ముడి మానిటర్

శనివారం

ఆటల కోసం తమ్ముడు ఆర్డరిచ్చుకున్న నూట నలభై నాలుగు హెర్ట్జ్ మానిటర్ వాడు పోయిన మూడో రోజున వచ్చింది. రేపు చర్చివాళ్లు ఇంట్లో పెట్టే ఆదరణ కూడికలో వాడి ఫొటో దానిమీదే పెట్టాలంది అమ్మ. మా పాత కంప్యూటర్ దాన్ని నడపగలదో లేదోనని మెకానిక్‌ని పిలిచాను.

సెట్టింగులు చూసి, "దీంట్లో అరవైకి మించి రాదక్కా. అయినా కదలని ఫొటోకి అంత స్పీడెందుకు?" అన్నాడు.

నాకేమీ అనిపించలేదు. వాడు పోయినప్పటి నుంచీ అంతే.

దుమ్ము దులుపుతానని అతను సీపీయూ మూత తీసి ఊదాడు. ఏళ్ల తరబడి మిరపకాయల టిక్కీ బస్తాల పక్కనే ఉంచామేమో, ఎర్రగా లేచింది. ముగ్గురం తుమ్మాం. నా కళ్లు ధారగా కారాయి.

"ఏడువమ్మా, ఇప్పటికైనా ఏడువు," అంటూ అమ్మ నన్ను దగ్గరికి లాక్కుంది.

అది మిరప ఘాటని చెప్పలేకపోయాను.