ఆదివారం మోగని ఫోను

పనసపుట్టు,
డుంబ్రిగుడ మండలం,
ఏప్రిల్ 2003.

నా ధర్మకి,

బళ్ళో మాస్టారు నేర్పిన ప్రకారమైతే 'పూజ్యులైన శ్రీవారి పాదపద్మములకు' అని మొదలుపెట్టాలి. అలా రాస్తే ఎవరో ముక్కూమొహం తెలియని ఆవిడ రాసిందనుకుని ఉత్తరం తిరగ్గొట్టేస్తావని పేరుతోనే పిలిచాను. ఇక్కడ నేను, అత్త, ఆవు, కొత్తగా పుట్టిన దూడ, సంఘం కంప్యూటరు అందరం క్షేమం. అక్కడ చిక్కమగళూరు తోటల్లో నువ్వు వేళకి తింటున్నావనీ, కాఫీ పళ్ళు కడగడం, ఆరబెట్టడం అన్నీ బాగా నేర్చుకుంటున్నావనీ తలుస్తాను. కన్నడం రాదని నోరు కట్టేసుకుని కూర్చోకు. నువ్వు మాట్లాడకుండా ఉంటే జ్వరమొచ్చిందనుకుంటారు.

నీ ఉత్తరం అందింది. అడిగినవాటికి జవాబులు రాస్తున్నాను. అత్త మోకాలి నొప్పి అలాగే ఉంది. అయితే ఈ చైత్రం ఇటుకల పండగ అన్నాళ్ళూ అందరితో చేయీ చేయీ పట్టి థింసా ఆడేటప్పుడు మాత్రం ఆ నొప్పి ఎటు పోయిందో ఎవరికీ తెలియదు. పండగ అయిపోయాక తిరిగొచ్చింది. మొన్నటి వానకి మన కాఫీ విరగబూసింది. తలుపు తీస్తే చాలు, ఇంట్లోకి వాసన వచ్చి కూర్చుంటోంది. నువ్వు నాటిన సిల్వర్ ఓక్ మొక్కల్లో ఒకదాన్ని మేక కొరికేసింది. ఎవరి మేకో చెప్పను. చెప్తే అక్కడి నుంచే ఉత్తరంలో పోట్లాట మొదలుపెడతావు.

ఆఖర్న ఇంకొకటి అడిగావు. "ఆదివారం బూతు నుంచి సంఘం ఆఫీసుకి ఫోను చేశాను. చాలాసేపు మోగింది. మళ్ళీ చేశాను, మళ్ళీ మోగింది. నువ్వు ఎత్తలేదు. నా మీద కోపమా స్వర్ణా?" అని. దానికి జవాబు ఉంది. కానీ కంప్యూటరు సంగతి చెప్పకుండా అది చెప్తే నీకు అర్థం కాదు. అంతకుమించి, గబుక్కున చెప్పే ధైర్యం నాకు లేదు. కాస్త ఓపిక పట్టు.

నువ్వు వెళ్ళాక మన కాఫీ సంఘానికి ఒక సంస్థవాళ్ళు కంప్యూటరు ఇచ్చారనీ, దాని ముందు కూర్చునే పని నాకు వచ్చిందనీ రాశాను కదా. వాళ్ళ తరఫున విజయనగరం నుంచి లక్ష్మీప్రసాద్ గారు వస్తుంటారు. మంచాయనే. పోయిన నెల వచ్చి కంప్యూటరు మీద కప్పిన గుడ్డ ఎత్తి చూసి, "వచ్చే నెలాఖరు సంతరోజుకి దీన్నుంచి మా ఆఫీసుకి ఒక్క ఈమెయిల్ రావాలమ్మా. రాకపోతే కురుపాం కేంద్రానికి మార్చేస్తాం. అక్కడ వాడుకునేవాళ్ళున్నారు" అన్నారు. ఆ 'వాడుకునేవాళ్ళు' అనే మాట నాకు ముల్లులా దిగింది. ఇంటర్ పాసై ఇన్నేళ్ళు కాఫీ పళ్ళు కోస్తూ, సంతకి అల్లం మోస్తూ తిరిగాను. వాటి మీద నాకు చులకన లేదు. కానీ నా చదువు కూర్చోవడానికి మొదటిసారి ఒక కుర్చీ దొరికింది ధర్మా. దాన్ని ఎవరో జీపులో వేసుకుపోతే చూస్తూ ఊరుకోనా?

లినక్స్ అంటే ఏమిటని అడిగావు. కంప్యూటరుని నడిపించేది అది. అందరి దగ్గరా ఉండేది విండోస్. దాన్ని కొనుక్కోవాలి. లినక్స్‌ని ఊరికే ఇస్తారు, ఎవరైనా పంచుకోవచ్చు. అందుకే విశాఖపట్నం నుంచి నీ స్నేహితుడు ఫల్గుణ వచ్చి అదే ఎక్కించి వెళ్ళాడు. ఆన్ చేయగానే తెర మూల పెంగ్విన్ బొమ్మ వస్తుంది. అత్త రోజూ దాన్ని చూడ్డానికే ఆఫీసుకి వస్తుంది. "ఈ బాతు కూకునే ఉంటాది గానీ లెగదేటే?" అని దాని మీద జాలి.

ఈమెయిల్ పోవాలంటే ఫోను తీగ మీద మాట్లాడే సామాను కావాలి. దాని పేరు మోడెం. కంప్యూటరు కడుపులో ముందే ఒకటి ఉంది. దాన్ని పలికించడానికి నేను పడిన తంటాలు రాస్తే ఈ కాగితం చాలదు. చివరికి ఫల్గుణ రాశాడు: ఆ మోడెం సగం పనే చేస్తుందట, మిగతా సగం విండోస్ చేసిపెట్టాలట, లినక్స్ దగ్గర అది మూగదట. పెళ్ళైన కొత్తలో వంటింట్లో నువ్వున్నట్టే అన్నమాట. పాపం, ఫల్గుణే బయట పెట్టుకునే మోడెం ఇంకొకటి సంపాదించి బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపాడు. అరచేయంత నల్లపెట్టె, ముందు వరసగా ఎర్రదీపాలు.

దాన్ని కంప్యూటరు వెనక ఉన్న మొదటి రంధ్రానికి తగిలించి, ఏ రంధ్రమో లినక్స్‌కి చెప్పాలి. మొదటిది కదా అని 'ఒకటి' అని రాశాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు. పుస్తకమంతా తిరగేస్తే తెలిసింది, వీళ్ళ లెక్కలో మొదటిదాని పేరు సున్నా! అలా మార్చి, ఫల్గుణ చెప్పినట్టు ఏ, టీ అనే రెండక్షరాలు కొట్టాను. కింద 'ఓకే' అని వచ్చింది. ధర్మా, నేను పిలిస్తే అది పలికింది! కుర్చీలోంచి లేచి అత్తని పట్టుకుని గిర్రున తిప్పేశాను. "మోకాలే, మోకాలు!" అని ఆవిడ కేకలు.

ఇక ఫోను తీగ పీకి మోడెంలో పెట్టి డయల్ చేయడమే మిగిలింది. ఈలోగా పండగ వచ్చేసింది.

ఇటుకల పండగంటే నీకు చెప్పక్కర్లేదు. మగవాళ్ళు అడవికి వేటకి పోయారు. మేము రోడ్డుకి అడ్డంగా వెదురుగడ పట్టి, అరకు వెళ్ళే ప్రతి బండినీ ఆపి, పాట పాడి పండగ పైసలు పుచ్చుకున్నాం. మధ్యాహ్నం ఒక జీపువాడు తొందరపడితే గడ విరిగింది. దొరికిన తాడేదో కట్టి మళ్ళీ ఆట సాగించాం. సాయంత్రానికి మగవాళ్ళు ఉత్తచేతులతో దిగారు. ఈ ఏడు ఒక్క కుందేలు కూడా లేదు! వరహాలు వదిన సంఘం ప్రెసిడెంటునన్న మాట మర్చిపోయి, చీర ఎగ్గట్టి, ఒక్కొక్కణ్ణి తరిమి పేడనీళ్ళు పోసింది. నీ వంతు కూడా మీ తమ్ముడి మీదే పోశాం.

పండగ హడావిడి తగ్గాక డయల్ చేశాను. తెర మీద 'నో డయల్‌టోన్' అని వచ్చింది. అంటే ఫోను ఎత్తగానే వచ్చే గుయ్యిమనే చప్పుడు దానికి వినబడలేదట. నాకేం తెలుసు, నేనే ఏదో తప్పు రాశాననుకున్నాను. రాసినదంతా చెరిపి మళ్ళీ రాశాను. ఆ చప్పుడు కోసం చూడకుండా డయల్ చెయ్యమని ఆజ్ఞ ఇస్తే, ఈసారి 'నో క్యారియర్' అంది, అంటే అవతల ఎవరూ పలకలేదట. పాతకాలం ఫోనులా టకటకమని డయల్ చెయ్యమన్నాను. మళ్ళీ అదే. సంఘం ఫోనుకి ఎస్టీడీ లేదు కదా, ఇంటర్నెట్‌కి లోకల్ నంబరే చాలు గానీ ఫల్గుణని అడగాలంటే డుంబ్రిగుడ బూతుకి పోవాలి. పోయాను. వాడు పెళ్ళికి వెళ్ళాడట. ఎవరి పెళ్ళో గానీ, ఆ దంపతుల్ని నేను మనసారా దీవించలేకపోయాను.

రోజూ వదిన గుమ్మంలోకి వచ్చి నిలబడేది. "ఏటే గుంటా, ఇంకా సేత్తన్నావా? నీ వేట పడనేదా?"

"పడుతుంది వదినా, రేపు."

"రేపటికీ ఉత్తిసేతులైతే నీకూ పేడనీళ్ళే. ఆడకూతురివని ఒగ్గీను."

ఆ మధ్యలో వచ్చింది ఆదివారం. నువ్వు ఫోను చేసే సాయంత్రం. మోడెం తీసేసి, ఫోను మళ్ళీ తగిలించి, దాని ముందే కూర్చున్నాను. నూనె రాసి జడ వేసుకున్నాను కూడా, నీకేదో కనబడుతుందన్నట్టు. ఎంతసేపు చూసినా మోగలేదు. ఒకసారి ఎత్తి చూద్దామా అనిపించింది. ఎత్తితే సరిగ్గా అప్పుడే నువ్వు చేస్తావేమో, లైను ఖాళీ లేదని తిరిగిపోతావేమో అని ముట్టుకోలేదు. చీకటి పడింది. అత్త అన్నానికి పిలిస్తే ఆకలి లేదన్నాను. అక్కడ ఎవరితో కబుర్లలో పడ్డావో, భార్య ఉందన్న సంగతే మర్చిపోయావో అని ఏడుపొచ్చింది. నీకు ఒక ఉత్తరం రాసి, అందులో ఉన్న మాటలకి నాకే భయమేసి చించేశాను.

తర్వాత నీ ఉత్తరం వచ్చింది. 'చాలాసేపు మోగింది' అన్న మాట దగ్గర ఆగిపోయాను. అక్కడ మోగింది, ఇక్కడ మోగలేదు. నువ్వూ చేశావు, నేనూ కూర్చున్నాను. మరి మధ్యలో ఏమైంది? లేచి ఫోను ఎత్తి చెవి దగ్గర పెట్టుకున్నాను. చప్పుడే లేదు. మోడెం పాపం మొదటి నుంచీ నిజమే చెప్తోంది. నేనే దాన్ని నమ్మలేదు.

తీగ పట్టుకుని గోడ వెంట నడిచాను. వసారా చూరు దగ్గరికి వచ్చేసరికి కాళ్ళు ఆగిపోయాయి. ఇప్పుడు చెప్తున్నాను, నవ్వకు.

ఫోను పెట్టినప్పుడు లైన్‌మాన్ మిగిలిన తీగని కోయకుండా చుట్టగా చుట్టి వసారా మేకుకి తగిలించి వెళ్ళాడు. పండగనాడు వెదురుగడ విరిగినప్పుడు ఆఫీసు దగ్గరికి పరిగెత్తింది నేను. మేకుకి ఉన్న ఆ నల్లచుట్టని చూసి, భలే గట్టి తాడు దొరికిందని లాగింది నేను. దాన్నే రోడ్డుకి అడ్డంగా పట్టి లారీలు ఆపాం, దాన్ని పట్టుకునే పాడాం, ఆడాం. సాయంత్రం బుద్ధిమంతురాలిలా మళ్ళీ చుట్టచుట్టి మేకుకి తగిలించిందీ నేనే. లాగినప్పుడు చూరు కింద అతుకులు రెండూ ఊడిపోయాయి. తీగ తెగినా చేసేవాళ్ళ చెవికి మోగుతున్నట్టే వినబడుతుందట. నీ ఫోను తెంపింది నేనే ధర్మా. తెంపి, నువ్వు చేయలేదని నీ మీదే అలిగాను. కోపమా అని అడిగావు చూడు, కోపమే. ఊరికే వచ్చిన కోపం. అదంతా నీ ఉత్తరం చదివిన క్షణాన సిగ్గైపోయింది.

ఆ మర్నాడే సంతరోజు. లక్ష్మీప్రసాద్ గారి జీపు పొద్దున్నే దిగింది. అట్టపెట్టె కూడా వెంట తెచ్చుకున్నారు, కంప్యూటరు పెట్టుకుపోవడానికి! నేను అప్పటికి స్టూలెక్కి కొడవలి మొనతో తీగ తోలు ఒలుస్తున్నాను. అత్త స్టూలు పట్టుకుంది.

"ఏం చేస్తున్నారమ్మా?" అన్నారాయన.

"ఏటి సేత్తాది బాబూ, ఈమైలుకి దారేత్తంది. కూకో, టీ తాగు," అంది అత్త.

తీగలు మెలిపెట్టి, గుడ్డముక్క చుట్టి, దిగి ఫోను ఎత్తాను. గుయ్యిమంది! మోడెంలో పెట్టి డయల్ కొట్టాను. అంకెలు పోయాయి, అవతల ఎవరో ఎత్తారు, ఆ వెంటనే మోడెం ఒక్కటే కీచుమని అరుపు. అచ్చం అడవిపంది పిల్లని కాలు పట్టుకుని ఎత్తినట్టు. సంతకి బయల్దేరిన ఆడవాళ్ళంతా గంపలు దించి పరిగెత్తుకొచ్చారు. వదిన గుమ్మంలోంచి, "పడిందర్రా! గుంటకి వేట పడింది!" అని కేక పెట్టింది. లక్ష్మీప్రసాద్ గారు టీ ఒలకబోసుకున్నారు.

ఇంగ్లీషు అక్షరాలతో తెలుగులోనే రాశాను: 'పనసపుట్టు నుంచి నమస్కారం. మా కాఫీ పూసింది. కంప్యూటరు ఇక్కడే ఉంటుంది.' పంపేశాను. అందిందో లేదో ఆఫీసుకి ఫోను చేసి కనుక్కుంటానని ఆయన లేచారు. ఫోను తీగ మోడెంలో ఉంది, పైగా ఎస్టీడీ కూడా లేదు, ఎక్కడ చేస్తారు! మళ్ళీ కూర్చున్నారు. కాసేపటికి మళ్ళీ కలిపితే వాళ్ళ ఆఫీసు నుంచి జవాబు: 'అందింది. కాఫీ ఎప్పుడు పంపుతారు?' ఆయన అది పైకి చదివి, నా వంక చూసి, "అట్టపెట్టె ఉంచేయండమ్మా, కాగితాలు పెట్టుకోవచ్చు" అన్నారు. జీపు ఖాళీగానే తిరిగి వెళ్ళింది. ఆ ఖాళీ జీపుని మలుపు దాటేవరకూ చూస్తూ నిలబడ్డాను. అంత అందమైన జీపుని నేను ఇంతవరకూ చూడలేదు.

తర్వాత వదిన దగ్గర తీగ సంగతి ఒప్పుకున్నాను. నాతోపాటు తాడు పట్టింది ఆవిడే అనే ధైర్యంతో. కానీ ప్రెసిడెంటు కదా, తీర్పు వెంటనే చెప్పేసింది. "తాడు అందరం పట్టినాం. మేకు మీంచి తీసింది నువ్వే. వేట తెచ్చినావని దండ, దారి తెంపినావని పేడనీళ్ళు." ముందు మెడలో పూలదండ పడింది. అత్త నన్ను వెనక నుంచి గట్టిగా పట్టుకుంది, కుండ మొత్తం నెత్తి మీద పడింది. మన ఊళ్ళో ఇటుకల పండగ పేడనీళ్ళు పోయించుకున్న మొదటి ఆడదాన్ని నేనే. ఎంత నవ్వానో నీకు చెప్పలేను.

తలకి రెండుసార్లు పోసుకున్నా ఆ వాసన పూర్తిగా పోలేదు. కాగితానికి కూడా అంటుకునే ఉంటుంది. ముక్కు మూసుకోకు, అది గెలిచిన వాసన. దాని కింద కాఫీపూల వాసన కూడా తగులుతుందేమో చూడు.

ఇది రాస్తూ మధ్యలో లేచి ఫోను ఎత్తి చూశాను. గుయ్యిమంటోంది. ఈ ఆదివారం మోడెం తీసేసి ఫోను తగిలించి ఉంచుతాను. ఒక్కసారి మోగితే చాలు, ఎత్తేస్తాను. నువ్వు చెయ్యి.

ఇట్లు,
పేడనీళ్ళలో తడిసి, ఫోను పక్కన కూర్చున్న
నీ ఇల్లాలు
స్వర్ణ