పంటికి పెట్టిన సున్నం

12-7-82, సోమవారం
ఎడమ దవడ పన్ను మళ్ళీ... చల్లటి నీళ్ళు తగిలితే ప్రాణం పోతోంది. పీకించేసుకుందామని ఆయనతో మాంగో పేటలో పళ్ళాసుపత్రికి వెళ్ళాను. డాక్టరమ్మ వద్దంది. పుచ్చు గీకి, అడుగున సున్నంలాంటి తెల్లటి మందు పెట్టి, పైన లవంగనూనె వాసనేసే సిమెంటుతో మూసింది. ఆ మందు తగిలితే పన్ను లోపల తనే కొత్త గోడ కట్టుకుంటుందట. రెండు నెలలు ఆగాలి.
“గుడాకూ రుద్దుతారా?” హిందీలో అడిగింది. ఆయన పక్కనే ఉన్నారు. లేదన్నాను.
బళ్ళో పిల్లల పళ్ళు చూసి కోప్పడే టీచరమ్మని. పొగాకు ముద్దతో పళ్ళు తోముకుంటానని ఎలా చెప్పను?

15-7
ముట్టలేదు. తల దిమ్ము. క్లాసులో ఊరికే అరిచాను.

18-7
రుద్దాను. కుడివైపే, మందు పెట్టిన పంటికి తగలకుండా... ఎవరిని మోసం చేస్తున్నట్టు?

1-8, ఆదివారం
స్నానాల గది గూట్లో నా గుడాకూ డబ్బా ఆయన కంటపడింది. “ఎవరిదిది?”
అత్తయ్య— “నాదేరా, చిగుళ్ళకి రాత్తన్నాను. ఏటిప్పుడు?”
ఆవిడ జన్మలో ముట్టి ఎరగదు.
“పిల్ల ఎదట ఈ దరిద్రమేటమ్మా? పరువు తీత్తన్నావు” అని ఆయన కేకలు. పాప కూడా ముక్కు మూసుకుని— “ఛీ, నానమ్మ గందీ హై!” నేను బియ్యం ఏరుతూ కూర్చున్నాను. తలెత్తలేదు.
తరవాత వంటింట్లో— “ఎందుకలా చెప్పారత్తయ్యా?”
“నువ్వు బడికెల్లి పదిమందిలో నిలబడాల. నాకేటి, పళ్ళే లేవు.”

2-8
ఆ డబ్బా ఆయన పారేశాక ఇంకోటి కొనలేదు. కొనను.

20-8
పాప నానమ్మ పక్కన పడుకోనంటోంది. కంపంట. ఆవిడ నవ్వి, చాప అటు జరుపుకుంది.

6-9, సోమవారం
సిమెంటు తీసి, సూదితో నొక్కి చూసింది డాక్టరమ్మ. లోపల గట్టిపడిందట. పన్ను బతికిందట. “గుడాకూ మానేసినట్టున్నారు, మంచిది” అంది. అంటే మొదటిరోజే తెలుసు!
ఆయన నవ్వారు. “ఈవిడకి లేదండీ, ఆ అలవాటు మా అమ్మకి.”
డాక్టరమ్మ నన్నే చూసింది. నోట్లో దూది. దూది తీశాక కూడా మాట్లాడలేదు.

7-9
ఆయన డ్యూటీ నుంచి వచ్చారు. ఇవాళ చెప్పేయాలి. “ఏవండీ, ఆ డబ్బా—”
“ఏటి?”
లోపల్నుంచి అత్తయ్య— “ఒలమ్మీ, కూర మాడిపోతంది, బేగి రా!”
కూర ఇంకా పొయ్యి ఎక్కనే లేదు.
ఆయన నా వైపే చూస్తున్నారు...