తివాచీ కింది పేర్లు

హుటాన్ మెలింటాంగ్

ప్రియమైన శాంతక్కకు,

నమస్కారాలు. పడవ ఇంజన్ల మోతకు నా చెవులు పోయాక ఫోను కన్నా నీ ఉత్తరమే నయం. మోహనప్రియకు పెళ్ళి కుదిరింది. అబ్బాయి కిశోర్‌కుమార్, క్లాంగ్ ఊరివాళ్ళు. నువ్వు గదులు అద్దెకిచ్చే ఆ పాత క్రైస్తవ మఠం ఫొటోలు చూసి, రిసెప్షన్ అక్కడి ప్రార్థనశాలలోనే కావాలని పిల్ల మంకుపట్టు పట్టింది. మేనత్త చేతిలో ఉన్న హాలే కదా, అడిగేదేముందని కార్డులు అచ్చు వేయించి, మూలలకు పసుపు కూడా పెట్టేశాను.

ప్రేమతో, నీ జయ

ఇపో

చిరంజీవి జయకుమార్‌కు,

ప్రియ పెళ్ళి మాట విని కడుపు నిండింది. కానీ కార్డుల కంటే ముందు నన్నొక్క మాట అడగవలసింది. ఆ ప్రార్థనశాలలో గాలి ఆడదు, కార్లు పెట్టుకునే చోటూ లేదు. వేరే హాలు చూడనా? నిన్న పొద్దున మా హాల్లో ఏదో బీమా కంపెనీ మీటింగు, సాయంత్రం ఎవరిదో నిశ్చితార్థం. ఆ మధ్యలో కుర్చీలన్నీ తిప్పించేసరికి నా ప్రాణం తోకకొచ్చింది. ఎదుటివాళ్ళ సంబరం చూసినా విసుగొస్తోందంటే నన్నేమనుకుంటావో. కోపం తెచ్చుకోకు.

ఆశీస్సులతో, శాంత

హుటాన్ మెలింటాంగ్

అక్కకు,

ఊరందరికీ ఇచ్చే గది మేనకోడలి దగ్గరికి వచ్చేసరికి గాలి ఆడనిదైపోయిందా? కార్డులు పంచేశాం. పసుపు పెట్టిన కార్డు మార్చడం ఎంత అపశకునమో నీకు తెలియదా? ప్రియ అన్నం ముట్టలేదు. "అత్తకి నేనంటే ఇష్టం నేదేటి నాన్నా?" అంది. ఏం చెప్పను? అసలు కారణం రాయి.

జయకుమార్

ఇపో

ప్రియమైన జయా,

అసలు కారణం ఇది. ఆ ప్రార్థనశాలలో మనవాళ్ళు వేదిక వేసేచోటే, నేల కింద, మఠంలో పోయిన ఫాదర్ల సమాధులున్నాయి. రాళ్ళ మీద పేర్లు చెక్కి ఉంటాయి. రిసెప్షన్ ఉన్నప్పుడల్లా వాటి మీద ఎర్ర తివాచీ పరిపించేది నేనే. అడిగినవాళ్ళకు చెబుతాం, అడగనివాళ్ళకు చెప్పం. పరిపించి పరిపించి అలసిపోయాను జయా. బయటివాళ్ళ విషయంలో ఎలాగో నెట్టుకొచ్చాను గానీ, మన ప్రియను అక్కడ కూర్చోబెట్టాలంటే మనసు రావడం లేదు. క్లాంగ్ వాళ్ళకు తెలిస్తే సంబంధమే తప్పిపోతుందేమోనని భయం. చెప్పాలో వద్దో నువ్వే తేల్చు.

నీ అక్క

హుటాన్ మెలింటాంగ్

ప్రియమైన శాంతక్కకు,

దాస్తే పెళ్ళయ్యాక బయటపడి పిల్లే మాటలు పడుతుందని, క్లాంగ్ వెళ్ళి అంతా చెప్పేశాను. కిశోర్ తల్లి మొహం మాడ్చుకుంది. సంబంధం పోయిందనే అనుకున్నాను. అప్పుడు అబ్బాయి నాయనమ్మ అచ్చమ్మగారు లేచి వచ్చి, నాకు వినబడేలా గట్టిగా అరిచారు.

"సమాదులుంటే ఏటయ్యా? మా యమ్మని రబ్బరు తోటలో పాతినారు. తోట అమ్మేసినాక ఆ సోట ఇళ్ళు కట్టినారు. ఏ ఇంటి కింద ఉన్నాదో నాకు తెల్దు. ఏ దిక్కు తిరిగి దణ్ణమెట్టాలో తెలీక ఏడుత్తాను. ఆ సాములకి రాయుంది, పేరుంది. కప్పెట్టడమేటి? ఆ తివాచీ తీసీమను!"

కిశోర్ తల్లి లేచి వెళ్ళి నాకు కాఫీ తెచ్చిచ్చింది. నాకు మాత్రం ఏడుపాగలేదక్కా.

తివాచీ వేయించకు. వేదిక గోడవైపు జరిపించు. ఆ రోజు కుర్చీల సంగతి నేను చూసుకుంటాను, నువ్వు పెళ్ళికూతురి మేనత్తలా కూర్చో. ఒక్క పని మాత్రం చేసిపెట్టు. ఆ రాళ్ళ మీది పేర్లు తెలుగులో రాసి పంపు. పోయిన పెద్దలకు పెళ్ళికి ముందు బట్టలు పెట్టి పిలుచుకుంటాం కదా, అప్పుడు తన తల్లి పేరు తర్వాత ఆ పేర్లు కూడా పిలుస్తారట అచ్చమ్మగారు.

నీ తమ్ముడు, జయ