ఉయ్యాల పైన నీలి దీపం

బత్తలపల్లె,
శుక్రవారం.

చిరంజీవి హేమంత్‌కు అమ్మ ఆశీస్సులు.

సోమవారం సాయంత్రం ఐదు గంటలకు నీ కూతుర్ని కదిరిలో పిల్లల ఆసుపత్రిలో చేర్చాం. కామెర్లు ఎక్కువయ్యాయి. బుధవారానికి తగ్గాయి. నిన్న ఇంటికి పంపారు. ఇప్పుడు పాప పాలు తాగుతోంది, గట్టిగా ఏడుస్తోంది, ప్రమాదం లేదని డాక్టరు చెప్పింది. అందరం క్షేమం అని మొదట రాసి, ఆ తర్వాత ఈ సంగతి చెప్పడం నాకు చేతకాలేదు. అందుకే దీన్ని ముందు రాశాను. ఇక రాయవచ్చు: ఇక్కడ అందరం క్షేమం. లడాఖ్ చలిలో నువ్వూ క్షేమంగా ఉన్నావని నమ్ముతున్నాను.

ఫోనులో ఎందుకు చెప్పలేదని అడుగుతావు. నీ ఫోను వారానికి ఒకసారి వస్తుంది. అది హరితకు వస్తుంది, అది న్యాయమే. హరిత తర్వాత వాళ్లమ్మ వరలక్ష్మమ్మ మాట్లాడుతుంది, వాళ్లింట్లో ఉన్నది కాబట్టి. ఆ తర్వాత నన్ను కలుపుతారు. అప్పటికి నీకు డ్యూటీ పిలుపైనా వస్తుంది, సిగ్నలైనా పోతుంది. పోయిన వారం నాకు నీ గొంతు రెండు మాటలు వినిపించింది. 'అమ్మా, బాగున్నావా?' అన్నావు. జవాబు చెప్పేలోపు కట్టయింది. కాగితం అయితే మధ్యలో ఎవరి చేతికీ పోదు.

నీ పోయిన ఉత్తరంలో అడిగినవాటికి ముందు జవాబులు. వాన రాలేదు. రెండుసార్లు మబ్బు పట్టి కణేకల్ వైపు పోయింది. మీ నాయన శెనక్కాయ విత్తనం ఒలిపించి సిద్ధంగా పెట్టుకున్నాడు. ఒక పదును వాన పడితే చాలంటాడు. రోజూ పొద్దున లేచి నా ఫోనులో వాతావరణం చూపించమంటాడు, చూపించినాక నమ్మడు. నీ మోటారుసైకిల్‌ను వారానికోసారి స్టార్ట్ చేస్తున్నాడు. స్టార్ట్ చేసి వదిలేయకుండా బస్టాండుదాకా పోయి టీ తాగి వస్తున్నాడు కాబట్టి బండికి మంచిదే. పత్రికలో నా పని మామూలే. ఇరవై ఆరేళ్లుగా కరువు గురించి రాస్తున్నాను, ఈ ఏడూ రాస్తున్నాను.

హరిత వాళ్లమ్మతో బాగున్నావా అని చివర్లో ఒక లైను రాశావు. దానికి జవాబు ఇప్పుడే రాయను. కొంచెం ఆగు.

పాప సంగతి వరుసగా చెబుతాను. తొలి పురుడు పుట్టింట్లో జరగడం మన ఆనవాయితీ. దాన్ని నేను కాదనలేదు. కదిరిలో పోయిన వారం బుధవారం కాన్పయింది, శుక్రవారం తల్లినీ బిడ్డనూ నల్లమాడకు తీసుకుపోయారు. పంపేటప్పుడు డాక్టరు పాప ఒళ్లు కొద్దిగా పచ్చగా ఉందని చెప్పిందట. రోజూ పగటి వెలుతురులో చూడండి, పచ్చదనం పెరిగినా, పాలు తాగకపోయినా వెంటనే తీసుకురండి అన్నదట. ఈ మాటలు హరిత విన్నది, వాళ్లమ్మ విన్నది. ఆ సాయంత్రమే నాకు కూడా చెప్పారు.

పురుటి గదికి గాలి సోకకూడదని రెండు కిటికీలకూ దుప్పట్లు కట్టారు. తలుపు దగ్గరగా వేసి ఉంచారు. ఆ గదిలో పగలూ రాత్రీ తేడా లేదు. ఉయ్యాల పైన నీలి రంగు దీపం ఒకటి తగిలించారు. ఆసుపత్రిలో కామెర్ల పిల్లల్ని నీలి వెలుగు కింద పెడతారు కదా, ఇంట్లోనూ అదే పని చేస్తుందన్న నమ్మకం. దీపం పెట్టిన మర్నాటి నుంచి పాప ఏడవడం తగ్గించింది. నిద్రపోతూనే ఉంది. చూడడానికి వచ్చినవాళ్లందరూ ఎంత నెమ్మదైన బిడ్డ అన్నారు. వరలక్ష్మమ్మ వాళ్లకు దీపాన్ని చూపించింది.

సోమవారం నేను మళ్లీ నల్లమాడకు పోయాను. మధ్యాహ్నం మూడింటప్పుడు కరెంటు పోయింది. ఊరి చివర స్తంభం మారుస్తున్నారు, చీకటి పడితే తప్ప రాదన్నారు. గది ఉడికిపోతోంది. హరిత మెడంతా చెమట. వరలక్ష్మమ్మ తట్టుకోలేక కిటికీ దుప్పటి లాగేసింది. ఎండ నేరుగా ఉయ్యాలలో పడింది.

"వదినా, ఈడ సూడు," అంది. "పసుపు పూసినట్టుండాది."

నేను పాప పొట్ట మీద వేలితో నొక్కి తీశాను. వేలి కింద చర్మం కూడా పచ్చగానే ఉంది. కళ్లు తెరిపించి చూశాను, తెల్లగుడ్డు పచ్చగా ఉంది. నీలి వెలుగులో పచ్చదనం కనిపించదు. మూడు రోజులు మేము ఆ వెలుగులోనే బిడ్డను చూశాం. ఎప్పుడు పాలు తాగిందని అడిగితే హరిత ఆలోచించింది. పొద్దున నోట్లో పెడితే రెండు గుక్కలు తాగి వదిలేసిందట. "నిద్ర మత్తు అనుకుంటి అత్తా," అంది. అది నిద్ర కాదు. కామెర్లు ముదిరితే పిల్లలు అలాగే మత్తుగా పడివుంటారని తర్వాత డాక్టరు చెప్పింది.

మీ మామ రామదాసు కారు తీశాడు. ఆసుపత్రిలో రక్తం తీశారు, వెంటనే పాపకు కళ్లగంతలు కట్టి పెట్టెలో పడుకోబెట్టారు. అక్కడి నీలి వెలుగు ఎలా ఉంటుందో నేను ఎదురుగా నిలబడి చూశాను. పైనుంచి, కిందనుంచి బిడ్డ ఒళ్లంతా పడుతుంది, కళ్లు చిట్లించకుండా మనం చూడలేం. ఇంట్లోది పడకగది దీపం. రెండింటికీ రంగు ఒకటే, ఇంకేదీ ఒకటి కాదు. ఇంకో రోజు ఆలస్యమైతే మెదడు దెబ్బతినే అవకాశం ఉండేదని డాక్టరు చెప్పింది. ఈ వాక్యం నీకు రాయాలా వద్దా అని ఆలోచించాను. నువ్వు తండ్రివి, తెలియాలి.

డాక్టరు చిన్న వయసు అమ్మాయి, కోపం దాచుకోలేదు. "పగటి వెలుతురులో చూడమని చెప్పి పంపితిని కదా. దీపం కింద పెట్టమని ఎవరు చెప్పినారు?" అని అడిగింది.

వరలక్ష్మమ్మ ఒక్క అడుగు ముందుకు వేసింది. "నేనే పెట్టినా మేడం. సదువు లేనిదాన్ని. తెలీక పెట్టినా."

డాక్టరు ఆమెను అందరి ముందరా తిట్టింది. ఆమె తల వంచుకుని విన్నది. హరిత గోడకానుకుని నిలబడి వాళ్లమ్మ వైపు చూసింది. "ఆదివారమే చూపిద్దామంటి కదమ్మా. దీపముండాది, ఏం కాదంటివి," అంది. అంతే. అప్పటి నుంచి వాళ్లమ్మతో మాట్లాడటం లేదు. ఈ రోజుకీ మాట్లాడలేదు. అన్నం ఆమె తెస్తే తినదు, మీ మామ తెస్తే తింటుంది.

హేమంత్, పైన ఒకచోట 'దీపం తగిలించారు' అని రాశాను. ఎవరు తగిలించారో రాయలేదు. మండలంలో పిల్ల విలేకర్లు అలాంటి వార్త పంపితే, ఎవరు అన్నది ఏదప్పా అని నేను వెనక్కి పంపుతాను. నా ఉత్తరాన్ని కూడా వెనక్కి తీసుకుని సరిగ్గా రాస్తున్నాను.

ఆ దీపం నేను కొన్నది. ధర్మవరంలో ఒక అంగట్లో చూశాను. పడుకున్నప్పుడు ఒంటి మీద రంగు వెలుగు వేసుకోవడానికి చేసినది. ఎరుపు నొప్పులకు, నీలం నిద్రకు, ఆకుపచ్చ మనసు కుదుటపడటానికి అని అట్టపెట్టె మీద ఉంది. ఎవరు చెప్పారు, ఏ పరీక్షలో తేలింది అని అందులో లేదు. ఎవరైనా వచ్చి ఈ మాటలు చెబితే రెండో మనిషిని అడక్కుండా ఒక్క లైను రాయను. ఆ రోజు ఎవరినీ అడగలేదు. కాన్పుకు ముందు హరిత నడుము నొప్పి అంటోంది కాబట్టి ఎర్ర వెలుగు వేసుకుని పడుకుంటుందని తెచ్చాను. రెండు రాత్రులు వేసుకుంది, హాయిగా ఉందంది. ఆ మాట నాకు ఎంత బాగుందో చెప్పలేను.

ఎందుకంటే ఆ ఇంట్లో నాకు చేయడానికి ఏదీ లేదు. ఉయ్యాల వాళ్లది. పాప గుడ్డలు ఉడకబెట్టి ఆరేసి మడతపెట్టింది వరలక్ష్మమ్మ. తొలి నీళ్లు పోసింది ఆమె. కాళ్ల మీద పడుకోబెట్టుకుని ముక్కు సాగదీసేది ఆమె. పాప నా చేతిలో ఏడుస్తుంది, ఆమె తీసుకుంటే ఆపుతుంది. 'వాసన పసిగడతాది వదినా, నీకూ అలవాటైతాదిలే' అని నన్ను ఓదారుస్తుంది. ఆ ఓదార్పు నాకు ముల్లులా ఉండేది. ఆమె మంచిది. చెడ్డదైతే నాకు సులభంగా ఉండేది.

డాక్టరు మాటలు చెప్పి, "పగటిపూట బయటికి తీసుకొచ్చి సూడాలంట వదినా, పురుటి బిడ్డను యాడ తెచ్చేది, ఏం చేద్దాం?" అని ఆమె శుక్రవారం నన్ను అడిగింది. నన్ను అడిగింది. ఆ ఇంట్లో మొదటిసారి నాకు ఒక విలువ దొరికింది. ఎప్పుడో పెద్దాసుపత్రిలో పసిపిల్లల వార్డు గురించి రాశాను, నీలి వెలుగు సంగతి అప్పుడు తెలిసింది. హరిత నిద్రపోతుండగా దీపాన్ని నీలానికి మార్చి ఉయ్యాల పైకి కట్టించాను. ఆసుపత్రిలో పెట్టేది కూడా ఇదే, బయటికి తేవాల్సిన పనిలేదు అన్నాను. ఆదివారం హరిత చూపిద్దామంటే ఆమె నాకు ఫోను చేసింది. దీపం ఉంది కదా, బిడ్డను కారులో తిప్పొద్దన్నాను. ఆమె నా మాటనే హరితకు చెప్పింది. ఫోను చేసినప్పుడు హరిత నిద్రపోతోందట, ఆ మాట నాదని ఆమెకు తెలియదు. శనివారం వచ్చినవాళ్లతో మాత్రం వసారాలో, 'మా వదిన పేపరు రాస్తాది, ఆమెకు తెలీంది లేదు' అని వరలక్ష్మమ్మ చెబుతుంటే నేను పక్కనే కూర్చుని విన్నాను. ఆ మాట ఇంకోసారి అంటే బాగుండుననుకున్నాను.

డాక్టరు అడిగినప్పుడు నేను వరలక్ష్మమ్మకు మూరెడు దూరంలో ఉన్నాను. నోరు తెరవలేదు. తర్వాత ఆసుపత్రి మెట్ల మీద, నీ మీద ఎందుకు వేసుకున్నావని అడిగాను.

"నీ మాట నలుగురూ నమ్మాల్సిన ఉద్యోగం వదినా నీది," అంది. "నాదేముంది, మా ఎరువుల అంగట్లో రోజూ ఎవుడో ఒకడు విత్తనం మొలక రాల్యా అని తిడతానే ఉంటాడు. నాకు అలవాటే." మెట్లు దిగుతూ, "ఇంగోసారి ఏదన్నా కొంటే ముందు నీ మొగుని మీద పెట్టి సూడు," అంది. నవ్వాను కూడా.

ఇంతవరకు రాసింది నేను చేసిన తప్పు. అసలు చెప్పాల్సింది ఇంకా ఉంది. మంగళవారం పాపను పాలకోసం పెట్టెలోనుంచి బయటికి ఇచ్చినప్పుడు వరలక్ష్మమ్మ చేతులు చాచింది. హరిత ఆమెకు ఇవ్వలేదు. "అత్తా, నువ్వు పట్టుకో," అని నాకిచ్చింది. పాప ఏడవలేదు. వరలక్ష్మమ్మ చేతులు దించుకుని, నీళ్లు తెస్తానని బయటికి పోయింది. ఆ క్షణం నేను సిగ్గుపడాలి. నాకు సంతోషమైంది. బుధవారమంతా, నిన్నంతా పాప నా ఒళ్లోనే ఉంది. నాకు కావలసింది దొరికింది, ఆమె అబద్ధం వల్ల దొరికింది.

ఆమె మీద అసూయ తగ్గిందని రాస్తే అబద్ధమవుతుంది. పెరిగింది. నేను నిజం చెప్పి తిట్లు తినవలసిన చోట కూడా ముందు ఆమే నిలబడింది. ఆ మంచితనం కూడా ఆమెకే దక్కింది. మీ నాయనకు నిన్న రాత్రి ఇంటికొచ్చాక అంతా చెప్పాను. విని, "నాతో చెప్తే ఏమొస్తాది? చెప్పాల్సినోళ్లకు చెప్పు," అని అటు తిరిగి పడుకున్నాడు.

ఇప్పుడు నీ చివరి లైనుకు జవాబు. హరిత వాళ్లమ్మతో నేను బాగా లేను. ఆమె నాతో బాగుంది.

ఈ ఉత్తరం సాయంత్రం పోస్టు కట్టేలోపు వేస్తాను. నీకు రాసి పంపినాక వెనక్కి తగ్గడానికి నాకు దారి ఉండదు. నీ ఫోను వచ్చినప్పుడు హరిత ఏడిస్తే విను, నన్ను వెనకేసుకురావద్దు. వాళ్లమ్మకు ఒక మంచి మాట నువ్వే చెప్పు, ఫోను నాకంటే ముందు ఆమెకు అందినా ఫరవాలేదు.

రేపు ఉదయం పది గంటలకు పాపకు మళ్లీ రక్తపరీక్ష. వాళ్లు నల్లమాడ నుంచి కారులో వస్తారు, నేను ఇక్కడి నుంచి ఏడున్నర బస్సులో కదిరికి పోతాను. అదే డాక్టరు ఉంటుంది. ఆమె ముందర, వరలక్ష్మమ్మ ముందర, హరితకు దీపాన్ని ఉయ్యాలకు కట్టించింది ఎవరో, ఆదివారం వద్దన్నది ఎవరో చెబుతాను. చెప్పినాకే పాపను ఎత్తుకుంటాను, హరిత ఇస్తే.

ఇట్లు,
మీ అమ్మ,
పాపకు జేజి.