స్పీకరు మీది ప్లాస్టిక్ కవరు

బుధవారం, సిరిగేరి

ఈ సంగతి ఇంట్లో ఎవరికి చెప్పినా చదువుకున్న పొగరంటారు. అందుకే మరిచిపోకముందే ఈ డైరీలో రాసుకుంటున్నాను.

గనుల లారీల మీద వచ్చిన డబ్బుతో నాయన కొన్న కారులో, పాట పెడితే ఎడమ తలుపు స్పీకరు గరగరమంటోంది. కొత్తది వేయిద్దామన్నాడు నాయన. ఈ సాయంత్రం నేను పాట పెట్టి, తలుపంతా చేత్తో నొక్కుతూ పోయాను. స్పీకరు మీది ప్లాస్టిక్ కవరు నొక్కగానే ఆ మోత ఆగిపోయింది. షోరూములో వేసిన కవర్లను, గనుల ఎర్రదుమ్ము పడుతుందని నాయన ఏడాదిగా తీయనివ్వలేదు. బ్లేడుతో స్పీకరు చుట్టూ ఆ కవరును గుండ్రంగా కోసేశాను. పాట శుభ్రంగా వినిపించింది.

నాయన పరుగున వచ్చాడు.

"కొత్త బండిని కోస్తివి కదే పాపా!"

"స్పీకరు బాగుండాది నాయనా, కవరే అదురుతాండాది."

"ఇంగ దుమ్ము పడితే ఎవురు తుడ్చేది?"

"నేనే తుడుస్తా."

"నువ్వు యాడుంటావు? బళ్ళారికి పోతాండావు కదా."

బళ్ళారి ఆఫీసు ఉద్యోగానికి నేనింకా ఒప్పుకోలేదు. పోనా అని అడిగినప్పుడు "నీ ఇష్టం" అన్నాడంతే నాయన. ఇప్పుడేమో నేను వెళ్ళిపోయినట్టే మాట్లాడుతున్నాడు. ఆయన లోపలికి వెళ్ళాక పాట చివరిదాకా ఒక్కదాన్నే కూర్చుని విన్నాను. బాగుందని చెప్పడానికి పక్కన ఎవరూ లేరు...

నాయనా, నన్ను పొమ్మంటున్నావా, ఉండమంటున్నావా? సోమవారం ఆఫీసుకు చెప్పాలి. నువ్వు చదవలేవు కాబట్టి రేపు ఈ పేజీ నేనే చదివి వినిపిస్తాను. ఆదివారం లోపల జవాబు చెప్పు.