బంగారం పాఠం, సబ్బు ముక్క

అమ్మాయీ, నేను కులాసా. నువ్వు చేయించిన గాజు కూడా కులాసాయే. మీ అన్నయ్య ఫోనులో ఏం ఊదాడో గానీ, జరిగింది ఇదీ.

కెమిస్ట్రీ టీచరు పురిటి సెలవు మీద వెళ్తే, రిటైరైన నన్ను మళ్లీ బడికి పిలిచారు కదా. నిన్న మూలకాల సంకేతాలు మొదలుపెట్టాను. బంగారానికి Au ఏమిటని పిల్లలు మొహాలు వేలాడేశారు. లాటిన్‌లో దాని పేరు ఆరమ్ అని చెప్పి, చూస్తేగాని బుర్రకెక్కదని గాజు తీసి బెంచీల మీదుగా పంపాను.

"బంగారం దేనితోనూ ఓ పట్టాన కలవదర్రా" అంటూ ఉండగానే వెనక బెంచీలో ఏడుపు. ఒక పిల్ల తొడుక్కుంది, ఇక ఊడి రాదు. "మా అమ్మ చంపేస్తుంది టీచర్!" అని ఒకటే గోల. ల్యాబ్ అటెండరు కటింగ్ ప్లయరు పట్టుకొచ్చాడు.

"కోసేద్దామా అమ్మగారూ?"

"గాజునా, పిల్లనా? ముందా సబ్బు ఇలా తే."

నురగ పట్టించి తిప్పితే జారి వచ్చింది. ఆ పిల్ల ముక్కు తుడుచుకుంటూ, "సబ్బులో ఏముంటుంది టీచర్?" అంది. సోడియమని చెప్పి, బోర్డు మీద Na రాశాను. మర్నాటి పాఠం కూడా అక్కడే మొదలైపోయింది. ఈ ఉదయం అడిగితే ఆ రెండు సంకేతాలూ ఒక్కరూ తప్పు చెప్పలేదు. కాబట్టి నన్ను తిట్టకు.

అల్లుడి దగ్గు తగ్గిందా? కుక్కర్ రబ్బరు మార్చావా? అటకమీది రాగి చెంబు ఎవరి చేతనైనా పంపు. ఇకమీదట చేతికి తొడుక్కోలేని మూలకాలతోనే పాఠం. మనవలకు ముద్దులు, నీకు దీవెనలు.

మీ అమ్మ